అడ్వాన్సు తీసుకుని రిజిస్ట్రేషన్‌కి రాని యజమాని మీద ఏం చేయొచ్చు?

తెనాలి కుర్రోడు
అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర 200 గజాల స్థలం 42 లక్షలకి మాట్లాడుకుని 2025 జనవరిలో అగ్రిమెంట్ రాసుకున్నాం. 100 రూపాయల స్టాంపు పేపరు మీద, ఇద్దరు సాక్షులతో. రిజిస్టర్ చేయించలేదు. అడ్వాన్సు 10 లక్షలు. అందులో 6 లక్షలు బ్యాంకు ద్వారా, 4 లక్షలు చేతికి ఇచ్చాను. మిగతా 32 లక్షలు మూడు నెలల్లోపు, రిజిస్ట్రేషన్ రోజున ఇవ్వాలి.

గడువు దగ్గర పడేసరికి అమ్మే ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. ఎప్పుడన్నా ఎత్తితే "మా అమ్మాయి అమెరికా నుంచి రావాలి, తన సంతకం కూడా ఉంటే మంచిది" అంటారు. అగ్రిమెంట్లో అమ్మాయి ఊసే లేదు. అసలు సంగతేంటంటే, అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాక ఇటువైపు కూడా రేట్లు కదిలాయి. ఇప్పుడు మధ్యవర్తి వచ్చి "పదికి పన్నెండు ఇప్పిస్తా, కాగితం చింపేసుకోండి" అంటున్నాడు. నాకు డబ్బు వద్దు, స్థలం కావాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంటుతో కోర్టుకి వెళ్ళొచ్చా?

పల్నాడు పెదబాబు
పన్నెండు ఇస్తానంటుంటే కళ్ళకద్దుకుని తీసుకో తమ్ముడూ. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు. మా చిన్నాన్న చేను కేసు కింది కోర్టులో మొదలై హైకోర్టు దాకా పోయింది. ఆయన కాలం చేశాక కొడుకులు రాజీ పడ్డారు.

కృష్ణలంక
ఇవన్నీ ఎందుకండీ, స్టేషన్‌కి వెళ్ళి 420 కేసు పెట్టండి. దెబ్బకి దిగొస్తాడు.

గుంటూరు ప్లీడరు
నేను సివిల్ కోర్టుల్లోనే తిరిగేవాణ్ణి కాబట్టి తెలిసింది చెప్తాను. కాగితాలు చూడకుండా చెప్పే మాట ఇది, మీ లాయరుకి చూపించి సరిచూసుకోండి.

ముందు కృష్ణలంక గారికి. ఇప్పుడు 420 లేదండీ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్. పేరు మారినా సూత్రం మారలేదు. మాట తప్పిన ప్రతివాడూ చీటర్ కాదు. అడ్వాన్సు తీసుకున్న రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని కనబడాలి. అప్పటికే వేరేవాళ్ళకి అమ్మేసిన స్థలాన్ని చూపించి డబ్బు తీసుకుంటే అది మోసం. ధర పెరిగిందని తర్వాత మనసు మార్చుకుంటే అది ఒప్పంద ఉల్లంఘన, సివిల్ దావా. ఇలాంటి క్రిమినల్ కేసుల్ని హైకోర్టుల్లో కొట్టేయించుకోవడం అమ్మేవాళ్ళకి పెద్ద కష్టం కాదు. ఈలోపు మీ పుణ్యకాలం గడిచిపోతుంది.

ఇక తెనాలి తమ్ముడికి. రిజిస్టర్ కాని అగ్రిమెంటుతో దావా వేయొచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్లోనే ఆ వెసులుబాటు ఉంది. రాసుకున్న ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని అడిగే ఈ దావాని స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా అంటాం. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఇది పూర్వం జడ్జిగారి విచక్షణ. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, డబ్బు వాపసు ఇప్పించి సరిపెట్టే అవకాశం ఉండేది. 2018లో సవరణ వచ్చి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు షరతులు నిరూపిస్తే కోర్టు అమలు చేయించి తీరాలి. మీ అగ్రిమెంటు 2025ది కాబట్టి కొత్త చట్టమే వర్తిస్తుంది.

అయితే ఒక షరతు అలాగే ఉంది, సగం కేసులు పోయేది అక్కడే. అదే చట్టం 16(సి) సెక్షన్ ప్రకారం, మీ వంతు పని చేయడానికి మీరు మొదటినుంచీ సిద్ధంగా ఉన్నారని నిరూపించాలి. సిద్ధం అంటే రెండూ: కొనాలన్న మనసు, కొనగలిగే డబ్బు. 32 లక్షలు మూటగట్టి ఆయన ముందు పెట్టాల్సిన పని లేదు, కోర్టు అడిగితే తప్ప డిపాజిట్ చేయనక్కర్లేదు. కానీ ఏప్రిల్ నాటికి ఆ డబ్బు మీకు ఎక్కణ్ణుంచి వచ్చేదో కాగితం మీద కనబడాలి. బ్యాంకు లోను మంజూరు లెటరు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అమ్మిన బంగారం బిల్లు, ఏదైనా సరే. "మా బావమరిది సర్దుతానన్నాడు" అంటే క్రాస్ ఎగ్జామినేషన్లో ఐదు నిమిషాలు నిలబడదు.

గడువు తీరాక మీరు నోటీసు ఇచ్చారా?

తెనాలి కుర్రోడు
నోటీసు ఇవ్వలేదండీ, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి. "డబ్బు రెడీ, రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం" అని ఏప్రిల్లోనే పెట్టాను. నీలం టిక్కులు కూడా పడ్డాయి. లోను మంజూరు లెటరు ఉంది, దాని గడువు మాత్రం అయిపోయింది.

దస్తావేజుల బాబాయ్
నలభై ఏళ్ళుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చున్న అనుభవంతో అడుగుతున్నా. అబ్బాయ్, నీ అగ్రిమెంటు చివరి పేజీ తీసి చూడు. "షెడ్యూలు ఆస్తిని ఈ రోజే మీ స్వాధీనం చేసినాము" అన్న వాక్యం ఉందా?

అది ఉంటే వేరే తలనొప్పి. మన దగ్గర స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంటుకి పూర్తి అమ్మకం దస్తావేజుకి కట్టినట్టే స్టాంపు డ్యూటీ కట్టాలి. 100 రూపాయల పేపరు మీద రాసి కోర్టులో పెడితే అవతలి లాయరు లేచి నిలబడతాడు, కాగితం ఎగ్జిబిట్‌గా (సాక్ష్యంగా) మార్క్ కాదు. తక్కువైన డ్యూటీ, దాని మీద పది రెట్లు పెనాల్టీ కడితేనే లోపలికి రానిస్తారు. నిజానికి స్థలం ఇవ్వకపోయినా, అందరూ రాస్తారని పాత నమూనా చూసి ఆ వాక్యం రాసేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తెనాలి కుర్రోడు
చూశాను బాబాయ్. "రిజిస్ట్రేషన్ రోజున స్వాధీనం ఇవ్వగలవారము" అని ఉంది. గండం గడిచినట్టేనా?

దస్తావేజుల బాబాయ్
గడిచింది. రాసినవాడెవడో గానీ పని తెలిసినవాడు.

గుంటూరు ప్లీడరు
బాబాయ్ మంచి ప్రశ్న అడిగారు. ఇప్పుడు మీరు చేయాల్సింది వరసగా చెప్తాను.

రేపే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్) తీయించండి, ఆన్‌లైన్లోనే వస్తుంది. స్థలం ఎవరి పేరున ఉందో, ఈ మధ్య ఎవరికైనా రాసిచ్చారో, తనఖా పెట్టారో తెలుస్తుంది. అమ్మాయి సంతకం అంటున్నారంటే నిజంగానే ఆమెకి వాటా ఉందేమో లింకు డాక్యుమెంట్లలో (పాత దస్తావేజుల్లో) చూడండి. వాటా ఉంటే ఆమె సంతకం చేయని అగ్రిమెంటు ఆమెని కట్టిపడేయదు. అప్పుడు ఆయన వాటా మేరకే అడగాల్సి వస్తుంది.

తర్వాత లాయర్ నోటీసు. అందులో ఫలానా తేదీన, ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి మిగతా డబ్బుతో వస్తాను, మీరూ రండి అని స్పష్టంగా ఉండాలి. రిజిస్టర్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు తీసి పెట్టుకోండి. ఆ తేదీన మీరు నిజంగా వెళ్ళండి. వెళ్ళినట్టు ఏదో ఒక ఆధారం ఉండాలి. బ్యాంకు బ్యాలెన్స్ ఆ రోజున ఎంతో స్టేట్‌మెంట్ తీసుకోండి. లోను గడువు అయిపోయిందన్నారు, కొత్తది మంజూరు చేయించుకోండి.

కాలపరిమితి మూడేళ్ళు. అగ్రిమెంట్లో తేదీ ఉంటే ఆ తేదీ నుంచే లెక్క, లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్. మీకు 2025 ఏప్రిల్ నుంచి లెక్క. తేదీ రాయని అగ్రిమెంటైతే అవతలివాడు కుదరదన్నట్టు తెలిసిన రోజు నుంచి. మూడేళ్ళున్నాయి కదా అని కూర్చోకండి. స్థలాల విషయంలో గడువు ఒక్కటే ప్రాణం కాదని కోర్టులు మామూలుగా అంటాయి. కానీ ఊరికే కూర్చుని, రేటు ఎటు పోతుందో చూసి ఆఖర్లో దావా వేసినవాళ్ళని సుప్రీంకోర్టు 1997లో విద్యానందం కేసు దగ్గర్నుంచీ ఇష్టపడట్లేదు.

దావాలో ఏం అడగాలన్నది ఇంకా ముఖ్యం. రిజిస్ట్రేషన్ చేయించమని, స్వాధీనం ఇప్పించమని, అది కుదరకపోతే అడ్వాన్సు వడ్డీతో ఇప్పించమని, ఆ డబ్బుకి ఆ స్థలం మీదే చార్జ్ (హామీగా హక్కు) ఉంచమని, అన్నీ రాయాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, అడగని వాపసు కోర్టు తనంతట తాను ఇవ్వదు. తర్వాత సవరించుకోవచ్చు గానీ ఆ తిప్పలు ఎందుకు? ఆస్తి మూడో మనిషికి అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కూడా అందులోనే అడగండి.

కృష్ణలంక
ముందు ఇంజంక్షన్ ఒక్కటే వేస్తే? ఖర్చు తక్కువ కదా, తర్వాత నిదానంగా పెద్ద దావా వేసుకోవచ్చు.

గుంటూరు ప్లీడరు
ఇంతకంటే ప్రమాదకరమైన సలహా ఈ థ్రెడ్‌లో మరొకటి ఉండదు, ఏమీ అనుకోకండి. ఉత్త ఇంజంక్షన్ దావా వేసే నాటికే అమ్మేవాడు ఎగ్గొట్టాడని తెలిసి ఉంటే, స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ కూడా అప్పుడే అడగాలి. లేదా తర్వాత వేయడానికి కోర్టు అనుమతి తీసుకోవాలి. లేకపోతే రెండో దావా సివిల్ ప్రొసీజర్ కోడ్ 2వ ఆర్డరు 2వ రూలు కింద కొట్టేస్తారు. 2012లో వర్గో ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. కోర్టు ఫీజు మిగిల్చుకుందామని స్థలం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

డల్లాస్ పద్మ
మరి ఈ లోపు ఆయన వేరేవాళ్ళకి అమ్మేస్తే?

గుంటూరు ప్లీడరు
దావా వేశాక అమ్మితే ఫర్వాలేదు మేడమ్. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు కోర్టు తీర్పుకి కట్టుబడాల్సిందే. దావాకి ముందే అమ్మితే కష్టం. మీ అగ్రిమెంటు సంగతి తెలియకుండా, పూర్తి డబ్బు ఇచ్చి, నిజాయితీగా కొన్నవాడికి రక్షణ ఉంది. అందుకే త్వరపడమంటున్నా. అగ్రిమెంటు రిజిస్టరై ఉంటే కొనేవాడు ఈసీలో చూసి ఆగేవాడు.

పల్నాడు పెదబాబు
ప్లీడరు గారూ, ఆ 4 లక్షలు చేతికి ఇచ్చింది సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి?

గుంటూరు ప్లీడరు
ఎత్తుదామనే ఉన్నా. అగ్రిమెంట్లో 10 లక్షలు ముట్టినట్టు రాసి సంతకం ఉంటే రుజువుకి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఇన్‌కమ్ ట్యాక్స్‌తో. 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చినట్టు దావాలో కనబడితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకి పంపమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్లో కోర్టులన్నిటికీ చెప్పింది. స్థలం అడ్వాన్సుగా 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న నిబంధన 2015 జూన్ నుంచీ ఉంది. పెనాల్టీ పడేది తీసుకున్నవాడి మీద, అదీ తీసుకున్నంత మొత్తం. ఇది అమ్మే ఆయనకి కూడా గుర్తు చేస్తే రాజీ మాటలు కొంచెం మెత్తబడతాయి. మీ 4 లక్షలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మీరూ చూపించగలగాలి.

ఒంగోలు సుబ్బారావు మావయ్య
నా గోడు ఉల్టా. నేను అమ్మేవాణ్ణి. 60 లక్షల ఇల్లు, 15 లక్షలు తీసుకున్నా. కొనేవాడు గడువులో రాలేదు, లోను రాలేదట. అగ్రిమెంట్లో "కొనుగోలుదారు విఫలమైతే అడ్వాన్సు జప్తు" అని రాసి ఉంది. 15 లక్షలూ ఉంచేసుకోవచ్చా?

గుంటూరు ప్లీడరు
పూర్తిగా ఉంచేసుకోవడం అనుమానమే మావయ్య గారూ. 1963లో ఫతేచంద్ కేసు అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఉంది. ఢిల్లీలో ఒక బంగళా 1,12,500 రూపాయలకి బేరం. బయానాగా 1,000, తర్వాత ధరలో భాగంగా 24,000 ఇచ్చారు. ఒప్పందంలో మొత్తం 25,000 జప్తు అని రాసుకున్నారు. కొనేవాడు తప్పాడు. కోర్టు 1,000 మాత్రం ఉంచుకోనిచ్చింది, 24,000 జప్తు చేసే హక్కు లేదంది. అంటే బయానా వేరు, ధరలో భాగంగా ఇచ్చింది వేరు. 2015లో కైలాశ్‌నాథ్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, నష్టమే జరగనప్పుడు జప్తు ఏమిటని అడిగింది.

మీరు ఆ ఇల్లు తర్వాత ఎంతకి అమ్మారు?

ఒంగోలు సుబ్బారావు మావయ్య
64కి.

గుంటూరు ప్లీడరు
అయితే నష్టం చూపించడం కష్టం. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న అంకె పైహద్దు మాత్రమే, దానిలోపు సబబైనంతే వస్తుంది. అతను నోటీసు ఇవ్వకముందే కొంత పట్టుకుని మిగతాది తిరిగిస్తానని కబురు చేయండి.

కూకట్‌పల్లి టిఫిన్స్
అన్నా, అమ్మకాల గోల అయ్యాక నాదీ చూడండి. షట్టరు కిరాయికి తీసుకుని టిఫిన్ సెంటర్ నడుపుతున్న. మూడేళ్ళ అగ్రిమెంటు, రిజిస్టర్ చేయలే. 3 లక్షల డిపాజిట్. ఏడాది కాకముందే ఓనరు ఖాళీ చేయమన్నడు, ఎక్కువ కిరాయి ఇచ్చేటోడు దొరికిండంట. నేను కానన్న. మొన్న పొద్దున పోతే నా తాళం మీద ఇంకో తాళం. గ్రైండరు, ఫ్రిజ్, పప్పు నానబెట్టిన గిన్నెలు అన్నీ లోపలే. వాసన వీధిలోకి వస్తున్నది.

గుంటూరు ప్లీడరు
తమ్ముడూ, నీకు టైము చాలా ముఖ్యం. కోర్టు ఆర్డరు లేకుండా బయటికి గెంటితే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయొచ్చు. ఆస్తి ఎవరిది, లీజు చెల్లుతుందా అన్న చర్చే రాదు. నీ స్వాధీనంలో ఉండేది, చట్టప్రకారం కాకుండా లాక్కున్నారు, ఈ రెండూ చాలు. తిరిగి స్వాధీనం ఇప్పిస్తారు. దీని మీద అప్పీలు కూడా లేదు. కరెంటు బిల్లు, కిరాయి పంపిన యూపీఐ రసీదులు, ఫుడ్ లైసెన్సు, రెండో తాళం ఫోటో, అన్నీ జాగ్రత్త చెయ్యి. సామాన్ల కోసం స్టేషన్లో కూడా ఫిర్యాదు ఇవ్వు, ఈసారి నేనే చెప్తున్నా.

మూడేళ్ళ అగ్రిమెంటు సంగతి వేరు. చాలామంది 11 నెలలు రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అది నిజం. మన దగ్గర 1999 ఏప్రిల్ నుంచి సవరణ ఉంది, స్థిరాస్తి లీజు ఎన్నాళ్ళదైనా రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ కాకపోతే "మూడేళ్ళు" అన్న షరతుని కోర్టులో పట్టుబట్టలేవు. నెలవారీ కిరాయిదారువి అవుతావు, 15 రోజుల నోటీసుతో లీజు రద్దు చేయొచ్చు. కానీ ఆ నోటీసు తర్వాత కూడా దావా వేసే ఖాళీ చేయించాలి, తాళం వేసి కాదు.

బెజవాడ బెంజ్ సర్కిల్
నేను ఓనర్ని. ఆఫీసు స్పేస్ ఇచ్చాను, లీజు రిజిస్టర్ చేశాం, రెండేళ్ళ లాక్-ఇన్ (అప్పటిదాకా ఖాళీ చేయకూడదన్న షరతు) ఉంది. వాళ్ళు ఎనిమిది నెలలకే తాళాలు పంపేసి వెళ్ళిపోయారు. మిగతా పదహారు నెలల అద్దె అడగొచ్చా?

గుంటూరు ప్లీడరు
అడగొచ్చు, కానీ అంతా వస్తుందనుకోకండి. మళ్ళీ 74వ సెక్షనే. మూడో నెలలో ఇంకొకరికి ఇచ్చారనుకోండి, ఖాళీగా ఉన్న నెలల అద్దె, బ్రోకరు ఖర్చు, కొత్త అద్దె తక్కువైతే ఆ తేడా, అంత మేరకే. ఖాళీగా పెట్టి లెక్క పెంచుకుందామనుకుంటే కుదరదు. నష్టం తగ్గించుకునే ప్రయత్నం మీరు చేశారా అని కోర్టు అడుగుతుంది. టు-లెట్ ప్రకటనలు, బ్రోకర్లతో మెసేజ్‌లు దాచుకోండి. 3 లక్షలు, ఆపైన వ్యాపార లీజు వివాదమైతే, అర్జెంటు ఆర్డరు అడగనప్పుడు ముందు మీడియేషన్‌కి వెళ్ళాకే దావా తీసుకుంటారు.

డల్లాస్ పద్మ
మేము హైదరాబాదులో ఫ్లాట్‌కి బిల్డర్‌కి డబ్బు కట్టాం, ఇవ్వాల్సిన టైము దాటిపోయింది. ఇదే పద్ధతా?

గుంటూరు ప్లీడరు
మీకు రెరా (బిల్డర్ల మీద నియంత్రణ చట్టం) ఉంది, ఇక్కడ చెప్పినవి అవసరం లేదు. 18వ సెక్షన్ కింద రెండే దారులు: వద్దనుకుంటే డబ్బు వడ్డీతో వెనక్కి, కావాలనుకుంటే ఇచ్చేదాకా ప్రతి నెలా ఆలస్యానికి వడ్డీ. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే బిల్డర్ ముందు రిజిస్టర్డ్ అగ్రిమెంటు చేయాలి. మీది చేశారో లేదో చూడండి. ప్రాజెక్టుకి రెరా నంబరే లేకపోతే కొత్త థ్రెడ్ పెట్టండి, అది పెద్ద కథ.

తెనాలి కుర్రోడు
అప్‌డేట్. ఈసీ తీశాను, స్థలం ఆయన ఒక్కరి పేరునే ఉంది, 2011 కొనుగోలు. నోటీసు ఇచ్చాం. జవాబు నోటీసు వచ్చింది: నా దగ్గర డబ్బు లేక నేనే వాయిదాలు అడిగానట, అందుకే అగ్రిమెంటు రద్దు చేశారట. మధ్యవర్తి మళ్ళీ వచ్చాడు, ఇప్పుడు పద్నాలుగు అంటున్నాడు. చెక్కు ఇప్పిస్తాడట, ముందు ఒరిజినల్ అగ్రిమెంటు ఇచ్చేయమంటున్నాడు. ఇంట్లో అందరూ తీసేసుకోమని గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పల్నాడు పెదబాబు
పద్నాలుగా! ఇంకా ఆలోచిస్తున్నావా?

గుంటూరు ప్లీడరు
పెదబాబు గారి మాట తీసిపారేసేది కాదు, కోర్టులో ఏళ్ళు పట్టడం నిజమే. కానీ అంకె పన్నెండు నుంచి పద్నాలుగుకి ఒక్క నోటీసుతో వచ్చిందంటే మీ కాగితం బలం ఆయన లాయరుకి తెలిసిందనే. జవాబు నోటీసులో ఆయన రాసింది చూడండి, "డబ్బు లేదు" అన్న ఒక్క మాట మీదే నిలబడ్డాడు. ఏప్రిల్ నాటి లోను లెటరు, వాట్సాప్ మెసేజ్‌లు దానికి సూటి జవాబు. ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు తుడిచేయకండి. రద్దు చేశానని రాశారు కాబట్టి, ఆ రద్దు చెల్లదని ప్రకటించమని కూడా దావాలో కలపండి.

దావా ఖర్చు ముందే తెలుసుకోండి. కోర్టు ఫీజు మీరిచ్చిన 10 మీద కాదు, పూర్తి 42 లక్షల మీద. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. డిక్రీ (తీర్పు ఉత్తర్వు) వచ్చాక ఆయన రాకపోయినా ఫర్వాలేదు, ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు పిటిషన్) వేస్తే ఆయన తరఫున కోర్టే దస్తావేజు మీద సంతకం చేయిస్తుంది. కాకపోతే కోర్టు పెట్టిన తేదీకల్లా 32 లక్షలు డిపాజిట్ చేయాలి. అది దాటిపోతే ఆయన ఒప్పందం రద్దు చేయమని అడగొచ్చు. డబ్బు అందుబాటులో ఉంచుకోగలరా, అంతకాలం ఓపిక పట్టగలరా అన్నది మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్క.

దస్తావేజుల బాబాయ్
డబ్బే తీసుకుందామని తేల్చుకుంటే మాత్రం ఒరిజినల్ ముందు ఇవ్వకు అబ్బాయ్. డీడీ గానీ ఆర్టీజీఎస్ గానీ అడుగు. చెక్కే ఇస్తానంటే, పాసై నీ ఖాతాలో పడ్డాకే రద్దు కాగితం మీద సంతకం. బౌన్సయితే బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లో నోటీసు, డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు కోర్టు. ఆ తేదీలు ఒక్కటి తప్పినా తలనొప్పే. రద్దు కాగితంలో ఎంత ముట్టిందో, ఏ చెక్కు నంబరో రాయించు, "ఇకపై ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులు లేవు" అని ఇద్దరూ సంతకం చేయాలి.

తెనాలి కుర్రోడు
దావాకే వెళ్తున్నా బాబాయ్. నాన్న ఒప్పుకున్నారు, కొత్త లోను లెటరు రెండు వారాల్లో వస్తుందన్నారు. దావా వేశాక సబ్ రిజిస్ట్రార్‌కి ఒక కాపీ ఇస్తే వేరే రిజిస్ట్రేషన్ ఆపుతారా?

దస్తావేజుల బాబాయ్
కాపీ ఇచ్చినంత మాత్రాన ఆపడు, ఆపే అధికారం ఆయనకి లేదు. ఇంజంక్షన్ ఆర్డరు చేతికొచ్చాక సర్టిఫైడ్ కాపీ పెట్టి ఇవ్వు, ఇచ్చినట్టు రసీదు ముద్ర వేయించుకో. ఆఫీసు లోపల ఎవరి చేతిలోనో పెట్టి వచ్చేయకు, ఇన్‌వార్డు నంబరు పడేదాకా అక్కడే ఉండు.